టెమ్ చిత్రాల్లో కదలని మచ్చలు: గెయిన్ రిఫరెన్స్ మళ్ళీ తీయండి

టెమ్ (ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) చిత్రాల్లో, నమూనా ఉండే స్టేజ్ జరిపినా షడ్భుజి గళ్ళు, మచ్చలు ఉన్నచోటే ఉంటున్నాయని రాశారు కదా. అయితే తప్పు మీ సెక్షన్లది (నమూనా పలుచని కోతలది) కాదండి, కెమెరా గెయిన్ రిఫరెన్స్ (సెన్సర్‌లోని హెచ్చుతగ్గులను సరిదిద్దే ఖాళీ చిత్రం) పాతబడింది. ఆ గళ్ళు సింటిలేటర్ (ఎలక్ట్రాన్లను వెలుగుగా మార్చే పొర) వెనకుండే ఫైబర్ ఆప్టిక్ కట్టలవి.

కెమెరా ఉష్ణోగ్రత నిలకడకు వచ్చాక ఎలక్ట్రాన్ బీమ్ ఆపి డార్క్ (బీమ్ లేని చిత్రం) తీయండి. తర్వాత సెక్షన్లుండే గ్రిడ్‌ను పూర్తిగా బయటికి లాగి, బీమ్‌ను సెన్సర్ అంచులు దాటేలా సమంగా పరిచి, కనీసం 16 ఫ్రేముల సగటు తీసుకోండి. సెక్షన్‌లో చిన్న ఖాళీ దొరికితే చాలనుకోకండి, అసలు చిక్కంతా అక్కడే: సెక్షన్‌లోని రెసిన్ అంచు కాస్త తగిలినా దాని నీడ ఆపై తీసే ప్రతి చిత్రంలోనూ తిరగబడి కనిపిస్తుంది. 80 కిలోవోల్టుల దగ్గర తీసిన రిఫరెన్స్ 120కి పనికిరాదు. బిన్నింగ్ (పక్కపక్క పిక్సెళ్ళను కలిపి చదవడం) మార్చినా కొత్తది కావాలి.

ఆ తర్వాత కూడా మునుపటి చిత్రం ఛాయ కనిపిస్తే అది సింటిలేటర్‌లో మిగిలిన వెలుగు. బీమ్ ఆపి కొన్ని నిమిషాలు ఆగండి.