రోజుకు 27 సెకన్లు ముందుకు నడిచే ఆటోమేటిక్ వాచీ లోపమున్న సరుకు అవుతుందా?

ప్రశ్న: నేను ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురంలో ఉపాధ్యాయుడిని. మొన్న దసరాకు విశాఖపట్నంలోని ఒక దుకాణంలో రూ.16,500 పెట్టి ఆటోమేటిక్ వాచీ కొన్నాను. కొనే ముందు వాట్సాప్‌లో అడిగితే, ‘రోజుకు మూడు నాలుగు సెకన్లకు మించి తేడా రాదండీ’ అని దుకాణం వారు తెలుగులో జవాబిచ్చారు. వాచీ మాత్రం రోజుకు సుమారు 27 సెకన్లు ముందుకు నడుస్తోంది. సర్వీసు సెంటరు వారు పరీక్షించి, +27 అని జాబ్ షీటులో రాసి, ‘పరిమితికి లోబడే ఉంది’ అని తిప్పి పంపారు. పెట్టెలోని పుస్తకంలో రోజుకు −20 నుంచి +40 సెకన్ల వరకు తేడా ఉండవచ్చని ఉంది. దుకాణం వారు డబ్బు తిరిగి ఇచ్చేది లేదంటున్నారు. బిల్లు మీద ‘వివాదాలన్నీ విశాఖపట్నం కోర్టుల పరిధిలోనే’ అని అచ్చు వేసి ఉంది. నేను ఎవరి మీద, ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

జవాబు: మీ ఫిర్యాదు నిలబడే అవకాశం ఉంది, కానీ మీరు అనుకుంటున్న కారణం మీద కాదు. వాచీ 27 సెకన్లు ముందుకు నడుస్తోంది కాబట్టి అది పాడైన వాచీ అని వాదిస్తే ఓడిపోయే ప్రమాదమే ఎక్కువ. దుకాణం వారు డబ్బు తీసుకునే ముందు ఒక అంకె చెప్పారు, సరుకు ఆ అంకెకు తగ్గట్టుగా లేదు అని వాదిస్తే బలం మీ వైపు ఉంటుంది.

మొదటి వాదన ఎందుకు బలహీనమో తెలియాలంటే ఈ వాచీ నడిచే తీరు కొంత తెలియాలి. బ్యాటరీ వాచీలో క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది కనుక మామూలు రకంలో కూడా తేడా నెలకు 15, 20 సెకన్లకు మించదు. బ్యాటరీ లేకుండా, చేతి కదలికకే లోపలి స్ప్రింగు బిగిసి నడిచే ఆటోమేటిక్ వాచీలో ఆ పని చేసేది సన్నని హెయిర్ స్ప్రింగుకు కట్టుబడి అటూ ఇటూ ఊగే చక్రం. ఈ ధరలో దొరికే చాలా యంత్రాలలో అది గంటకు 21,600 సార్లు, అంటే రోజుకు 5,18,400 సార్లు కొట్టుకుంటుంది. చేయి ఏ వంపులో ఉంది, స్ప్రింగు ఎంత బిగిసి ఉంది, ఎండ ఎంత ఉంది అన్న ప్రతి విషయమూ ఆ ఊపును కొద్దిగా మారుస్తుంది. రోజులో ఉన్న 86,400 సెకన్లలో 27 సెకన్ల తేడా అంటే దాదాపు 3,200 సెకన్లకు ఒక సెకను. తయారీదారులు ఈ సంగతి దాచరు. సీకో సంస్థ తన 4ఆర్36 యంత్రానికి రోజుకు −35 నుంచి +45 సెకన్లని, మియోటా సంస్థ ఇంకాస్త ఖరీదైన 9015 యంత్రానికి −10 నుంచి +30 సెకన్లని పరిధి ప్రకటించాయి. క్రోనోమీటర్, అంటే ఖచ్చితత్వ పరీక్షలో నెగ్గిన వాచీ, అనిపించుకోవడానికి స్విట్జర్లాండులో పదిహేను రోజులపాటు, అయిదు భంగిమలలో, మూడు ఉష్ణోగ్రతల వద్ద పరీక్షించే యంత్రాలకు సైతం సగటున −4 నుంచి +6 సెకన్ల వెసులుబాటు ఉంది. మీకు దుకాణం వారు చెప్పిన ‘మూడు నాలుగు సెకన్లు’ ఆ క్రోనోమీటర్ కంటే గట్టి మాట! పదహారు వేల వాచీకి అలాంటి మాట ఇచ్చినవారు యంత్రం గురించి తెలియకైనా చెప్పి ఉండాలి, అమ్ముడుపోవాలని అయినా చెప్పి ఉండాలి. చట్టం దృష్టిలో ఆ రెండింటికీ పెద్ద తేడా లేదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(10) ‘లోపం’ అంటే ఏమిటో చెబుతుంది. ఒక చట్టం ప్రకారం గానీ, స్పష్టంగా చేసుకున్న లేదా అంతర్గతంగా ఉన్న ఒప్పందం ప్రకారం గానీ, వ్యాపారి ‘ఏ విధంగానైనా’ చెప్పుకున్న దాని ప్రకారం గానీ సరుకుకు ఉండవలసిన నాణ్యతలో, ప్రమాణంలో వచ్చిన కొరత లోపమే. మీ కేసు మొత్తం ఈ చివరి భాగం మీద నిలబడుతుంది. ఏ విధంగానైనా అన్నారు కనుక వాట్సాప్ సందేశం కూడా అందులోకి వస్తుంది. దుకాణం వారు ‘చాలా ఖచ్చితమైన వాచీ’ అని మాత్రమే రాసి ఉంటే అది అమ్మకందారు మామూలుగా చేసే పొగడ్త అని ప్రతివాదులు తేలిగ్గా తప్పించుకునేవారు. సెకన్లలో చెప్పిన అంకె పొగడ్త కాదు, హామీ.

పుస్తకంలో −20 నుంచి +40 అని ఉంది కదా అని వారు తప్పకుండా అంటారు. ఆ పుస్తకం మీ చేతికి వచ్చింది డబ్బు కట్టి పెట్టె తెరిచిన తర్వాత. కొనాలో వద్దో మీరు తేల్చుకున్నది సందేశం చూసి. ఇలాంటి పుస్తకాలలో, ధరించే తీరును బట్టి అసలు తేడా ఈ పరిధిని కూడా దాటవచ్చని మరో వాక్యం ఉండడం మామూలే. తయారీదారు తనను కాపాడుకోవడానికి రాసుకున్న ఆ వాక్యం, తయారీదారు మాట కంటే మెరుగైన మాట ఇచ్చి అమ్మిన దుకాణదారును కాపాడదు.

ఈ కారణం వల్లనే ప్రధాన ప్రతివాది దుకాణమే కావాలి. కంపెనీ తాను రాసిన పరిధికి కట్టుబడింది కనుక దాని మీద మీకు చెప్పుకోదగ్గ వాదన లేదు. అయినా ఆ దుకాణం కంపెనీ అధీకృత విక్రేత అయితే రెండవ ప్రతివాదిగా చేర్చడంలో నష్టం లేదు. దిగుమతి వాచీ అయితే దిగుమతిదారు పేరు, చిరునామా పెట్టె మీద ఉండి తీరాలి. అవి లేకపోతే ఆ సంగతిని కూడా ఫిర్యాదులో రాయండి.

ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబు సులువు. పాత 1986 చట్టం ప్రకారం సాధారణంగా ప్రతివాది ఉన్న చోటికో, వ్యవహారం జరిగిన చోటికో వెళ్ళవలసి వచ్చేది. కొత్త చట్టం సెక్షన్ 34(2)(డి) ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా స్వయంగా పని చేసుకునే చోట ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు తెలుగువారు బట్టలకూ బంగారానికీ ఆంధ్రకు వెళ్ళివచ్చే అలవాటు ఉన్నవారు కనుక ఈ మార్పు వారికి మిగతావారి కంటే ఎక్కువగా పనికివస్తుంది. మీ కమిషన్ రాయగడలోనే ఉంది. బిల్లు మీద విశాఖపట్నం అని అచ్చు వేసిన వాక్యాన్ని ప్రతివాదులు అభ్యంతరంగా తెస్తారు. చట్టం వినియోగదారుకు ప్రత్యేకంగా ఇచ్చిన హక్కును అమ్మకందారు ఏకపక్షంగా వేసుకున్న ముద్ర తీసివేయలేదని నా అభిప్రాయం. మీరు ఆ వాక్యం చూసి వెనకాడనక్కరలేదు.

ఇక సాక్ష్యం. మీ చేతిలోని గట్టి పత్రం, మీరు చిరాకుపడుతున్న ఆ జాబ్ షీటే. +27 అని రాసింది మీరు కాదు, కంపెనీ తరఫు సర్వీసు సెంటరు. ‘పరిమితికి లోబడి ఉంది’ అన్న మాట కంపెనీకి మేలు చేస్తుంది, ఆ అంకె దుకాణం మీద మీకు మేలు చేస్తుంది. పరీక్ష లేకుండా తేలని లోపమైతే కమిషన్ సరుకును ప్రయోగశాలకు పంపగలదు (సెక్షన్ 38), కానీ ఈ అంకెను ఎవరూ కాదనకపోతే అంత దూరం పోవలసిన పని ఉండదు. దానికి తోడుగా పది రోజులపాటు ఒకే వేళకు మొబైల్ గడియారంతో పోల్చి తేడాను తేదీలతో రాసి పెట్టండి. వాచీని స్పీకర్ల దగ్గర, అయస్కాంతం మూతలున్న ట్యాబ్ కవర్ల దగ్గర ఉంచకండి, ఎందుకంటే హెయిర్ స్ప్రింగుకు అయస్కాంతం పట్టినా వాచీ ముందుకు నడుస్తుంది, తప్పు మీదేనని చెప్పే సందు వారికి దొరుకుతుంది. మీ ఊరి వాచీ మెకానిక్ ఎంత నేర్పరి అయినా వెనక మూత తెరవనివ్వకండి. వారంటీ పోతుంది, సాక్ష్యమూ పోతుంది.

వాట్సాప్ సంభాషణను ఫోనులో చెరపకుండా ఉంచి, అచ్చు తీసి, భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వవలసిన ధ్రువపత్రాన్ని జతచేయండి. సంభాషణ తెలుగులో ఉంది కనుక ఇంగ్లీషు లేదా ఒడియా అనువాదం కూడా పెట్టండి. సరిహద్దు జిల్లాల కేసులలో ఈ ఒక్క కాగితం లేక వాయిదాలు పడడం అనవసరమైన ఇబ్బంది.

ఫిర్యాదుకు ముందు దుకాణానికి స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపండి. సందేశం తేదీ, వారు చెప్పిన అంకె, జాబ్ షీటులోని అంకె రాసి, వాచీ వెనక్కు తీసుకుని రూ.16,500 చెల్లించమని అడగండి. బిల్లులో వేరే గడువు లేకపోతే, లోపమున్న సరుకును 30 రోజులలోగా వెనక్కు తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం సెక్షన్ 2(47) కింద అనుచిత వాణిజ్య విధానం అవుతుంది, కనుక నోటీసులో ఆ గడువే ఇవ్వడం మంచిది. వాచీ మీకు నచ్చి, సెకన్లు మాత్రమే బాధిస్తుంటే, యంత్రాన్ని సరిచేసి తేడా తగ్గించి ఇమ్మని కూడా అడగవచ్చు. నేర్పున్న మెకానిక్‌కు అది పెద్ద పని కాదు, చాలా తగాదాలు అక్కడే తీరిపోతాయి. కానీ ఆ పని అధీకృత సర్వీసు సెంటరులోనే జరగాలి, సరిచేసిన తర్వాత వచ్చిన అంకెను కాగితం మీద తీసుకోవాలి.

వారు కదలకపోతే ఫిర్యాదుకు కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్ళలోగా ఫిర్యాదు వేయాలి. సరుకుకు చెల్లించిన ధర అయిదు లక్షల వరకు ఉంటే రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు, ఆన్‌లైనులో కూడా దాఖలు చేయవచ్చు. ప్రార్థనలో, అంటే కమిషన్‌ను ఏమి ఇప్పించమంటున్నారో రాసే భాగంలో, వాచీ తిరిగి ఇచ్చే షరతు మీద ధర వాపసు, దాని మీద వడ్డీ, ఖర్చులు కోరండి. మనోవేదనకు లక్షలు అడిగే ఫిర్యాదులు నా దగ్గరకు చాలా వస్తుంటాయి. 27 సెకన్లకు అంత వేదన కలిగిందంటే ఏ కమిషనూ నమ్మదు, పైగా ఆ లక్షల అంకె చూసి అసలు వాదనను కూడా తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఉంది. నష్టపరిహారం కింద ప్రయాణాలకు, సర్వీసు సెంటరు చుట్టూ తిరిగినందుకు అయిన ఖర్చును రసీదులతో చూపించగలిగినంత వరకే అడగండి.