టెక్సాస్ లైసెన్స్‌తో న్యూజెర్సీకి తుపాకీ తీసుకెళ్లొచ్చా?

నమస్తే అండీ. డాలస్ నుంచి న్యూజెర్సీలోని అక్కవాళ్లింటికి కారులో వెళ్తున్నాం, టెక్సాస్ క్యారీ లైసెన్స్ (తుపాకీ వెంట ఉంచుకునే అనుమతి) అక్కడ చెల్లుతుందా అని అడిగారు. చెల్లదు. న్యూజెర్సీ వేరే ఏ రాష్ట్రం లైసెన్స్‌నూ ఒప్పుకోదు. దారిలో తగిలే మేరీల్యాండ్ కూడా అంతే. డ్రైవింగ్ లైసెన్స్‌లా దేశమంతా పనికొస్తుందనుకోవద్దు.

1986 నాటి ఫెడరల్ చట్టం ప్రయాణంలో కాపాడుతుందని ఎవరో చెప్పారన్నారు కదా, అసలు మెలిక అక్కడే ఉంది. బయల్దేరే చోటే కాదు, చేరే చోట కూడా తుపాకీని వెంట ఉంచుకునే హక్కు మీకుండాలి. మీరు చేరేది న్యూజెర్సీకే కాబట్టి ఆ రక్షణను నమ్ముకోలేరు. ఆ రాష్ట్రం మీదుగా దాటిపోయేవాళ్లయినా తూటాలు తీసేసి, తుపాకీనీ తూటాలనీ డిక్కీలో పెట్టాలి. డిక్కీ విడిగా లేని ఎస్‌యూవీ అయితే తాళం వేసిన పెట్టెలో ఉంచాలి. గ్లవ్ బాక్స్‌కి తాళం వేస్తే సరిపోదు.

హాలో పాయింట్ తూటాల (మొన దగ్గర బోలుగా ఉండేవి) మీద కూడా న్యూజెర్సీలో గట్టి ఆంక్షలున్నాయి. దయచేసి ఈసారికి తుపాకీని ఇంట్లోనే లాకర్‌లో పెట్టి వెళ్లండి.

ఇంకో మాట. మీది గ్రీన్‌కార్డ్, సరే. మీ తమ్ముడు హెచ్‌1బీ అన్నారు, అతని చేతికి మాత్రం ఇవ్వకండి. వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, ఆ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండటమే ఫెడరల్ నేరం.