ట్రాక్ డేకి ఏ డేటా లాగర్ కొనాలి? ముందు మంచి జీపీఎస్, మిగతావి తర్వాత

చిత్తూరు నుంచి సొంత కారుతో శ్రీపెరంబుదూరు దగ్గరి రేస్ ట్రాక్‌కి వెళ్తున్నారు, ల్యాప్ టైమ్ (ట్రాక్ ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం) తగ్గించుకోవడానికి ఫోన్ యాప్ చాలా, ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి) కలిపే ఖరీదైన డేటా లాగరే (కారు వేగం, స్థానం లాంటివి నమోదు చేసే పరికరమే) కొనాలా అని అడిగారు. నాది తిరుపతి. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా నాలుగేళ్లుగా అదే మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కి నా పోలో కారు తీసుకెళ్తున్నాను. నా సలహా ఒక్కటే: 25 హెర్ట్జ్ (సెకనుకు 25 సార్లు నమోదు చేసే) జీపీఎస్ యూనిట్ ఒకటి కొని, ఫోన్లో రేస్‌క్రోనో యాప్‌కి కలుపుకోండి. నేను వాడేది రేస్‌బాక్స్ మినీ. ఇంకా దేనికీ ఇప్పుడే డబ్బు పెట్టొద్దు.

నేనూ ఉత్త ఫోన్‌తోనే మొదలుపెట్టాను. ఫోన్ లోపలి జీపీఎస్ మామూలుగా సెకనుకు ఒక్కసారే మనం ఎక్కడున్నామో నమోదు చేస్తుంది. గంటకు 144 కి.మీ. వేగంలో కారు సెకనుకు 40 మీటర్లు పోతుంది. అంటే గ్రాఫ్‌లో ఒక చుక్కకీ తర్వాతి చుక్కకీ మధ్య 40 మీటర్లు ఖాళీ. బ్రేక్ ఎక్కడ పట్టామన్నది ఆ ఖాళీలోనే పోతుంది. 10 హెర్ట్జ్‌లో ఆ దూరం 4 మీటర్లు, 25 హెర్ట్జ్‌లో ఒకటిన్నర మీటరుకు కాస్త ఎక్కువ. ల్యాప్ టైమ్ చూసుకోవడం వరకు ఫోన్ పర్వాలేదు, సమయం ఎక్కడ పోతోందో మాత్రం చెప్పలేదు. పైగా మే నెల ఎండకి డ్యాష్‌బోర్డు మీది నా ఫోన్ వేడెక్కి మూడో ల్యాప్‌లోనే ఆగిపోయింది. జీపీఎస్ బయట ఉంటే ఫోన్‌ని నీడలో పెట్టుకోవచ్చు.

తర్వాత చవక బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (కారు కంప్యూటర్ నుంచి విలువలు చదివి ఫోన్‌కి పంపేది) కొని తప్పు చేశాను. ఓబీడీలో యాప్ ఒక్కో విలువనూ విడిగా అడగాలి, కారు జవాబివ్వాలి. ఆర్‌పీఎం, థ్రాటిల్ (ఇంజిన్‌కి గాలి వదిలే కవాటం ఎంత తెరుచుకుందో), కూలెంట్ వేడి, ఇంకా కనిపించినవన్నీ టిక్ పెట్టేశాను. ఒక్కొక్కటి రావడం బాగా నెమ్మదించి, థ్రాటిల్ గీత మెట్లు మెట్లుగా వచ్చింది. నాకు అన్నిటికన్నా కావలసిన బ్రేక్ ప్రెషర్ మామూలు ఓబీడీ జాబితాలోనే లేదు.

నాకు నిజంగా పనికొచ్చింది వేగం గీత. నాకన్నా బాగా నడిపే స్నేహితుడిని నా కారులోనే, అవే టైర్లతో రెండు ల్యాప్‌లు వేయమన్నాను. అడ్డంగా దూరం, నిలువుగా వేగం పెట్టి ఇద్దరి గీతలూ ఒకదాని మీద ఒకటి వేసి చూశాం. మెయిన్ స్ట్రెయిట్ (ట్రాక్‌లో మలుపుల్లేని పొడవైన భాగం) చివర అతని గీత పైనుంచి నిటారుగా కిందికి పడింది. నాది ముందు ఏటవాలుగా జారి, తర్వాత పడింది. అంటే యాక్సిలరేటర్ వదిలి బ్రేక్ తొక్కేలోపు కారుని ఊరికే దొర్లనిస్తున్నాను. అప్పటిదాకా నేను చాలా లేటుగా బ్రేక్ పడతానని గట్టిగా నమ్మాను! మిగతా మలుపుల దగ్గర కూడా అదే ఏటవాలు. ఆ మధ్యాహ్నమంతా మలుపులో వేగం పెంచాలని చూడకుండా, కాలు మార్చడం ఒక్కటే సరిచేసుకున్నాను. ముప్పావు సెకను తగ్గింది. కారుకి ఒక్క సెన్సర్ కూడా కలపలేదు.

స్క్రీన్ ఉన్న లాగర్ కావాలనుకుంటే ఎయిమ్ సోలో 2 మంచిది. మీ బెస్ట్ ల్యాప్ కన్నా ముందున్నారో వెనకున్నారో నడుపుతుండగానే చూపిస్తుంది. దానిలో డీఎల్ రకం ఈసీయూ డేటా కూడా తీసుకుంటుంది. అది కొనేముందు మీ కారు మోడల్ వాళ్ల జాబితాలో ఉందో లేదో చూడండి.

తిరుమల ఘాట్‌లో ట్రయల్ వేయొచ్చా అన్నారు. దయచేసి వద్దు. అది భక్తులతో నిండిన బస్సులు తిరిగే దారి, పెట్టిన సమయం కన్నా ముందే దిగితే జరిమానా కూడా ఉంది. రికార్డింగ్ సరిగ్గా పడుతోందో తెలియాలంటే చంద్రగిరి దాకా మామూలు వేగంతో వెళ్లొస్తే చాలు. అప్పుడే యూనిట్ బిగింపు కూడా చూసుకోండి. గట్టి బ్రేకింగ్‌లో ఊడి పెడల్స్ కిందికి దొర్లితే ప్రమాదం.

మీ కారు మోడల్, ఏ సంవత్సరానిదో రాయండి. యాప్‌లో ఏ ఛానెళ్లు (నమోదయ్యే విలువలు) ఉంచాలో, ఏవి తీసేయాలో చెబుతాను.