ఫ్యాషన్ డిజైన్ డిగ్రీ అయ్యాక చిన్న స్టూడియోలో ఇంటర్న్‌షిప్ చేయొచ్చా?

డిగ్రీ ఈ ఏడాదే అయిందనీ, హైదరాబాద్‌లో ఒక చిన్న బ్రైడల్ స్టూడియో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఇస్తానంటోందనీ రాశారు. స్టైపెండ్ తక్కువ, పైగా 'అన్ని పనులూ చేయాలి' అంటున్నారు, చేరాలా లేక పెద్ద బ్రాండ్ కోసం ఆగాలా అన్నది మీ ప్రశ్న.

చేరండి. కాకపోతే చేరేముందు ఒక్క సంగతి కనుక్కోండి: అక్కడి కటింగ్ మాస్టర్ ఎన్నేళ్ళుగా ఉన్నారు? ఎందుకు అడగమంటున్నానో తెలియాలంటే నా కథ కొంచెం వినాలి.

మాది ఖమ్మం. 2022లో డిగ్రీ అవగానే బంజారాహిల్స్‌లో ఓ సందులో ఉన్న స్టూడియోలో చేరాను. పేరు చెప్పను. కింద షోరూమ్, పైన రెండు గదులు. ఒకదాంట్లో మాస్టర్ బల్ల, నాలుగు మిషన్లు. ఇంకోదాంట్లో ఎంబ్రాయిడరీకి గుడ్డ బిగించే మూడు మగ్గాలు, వాటి చుట్టూ ఆ పని చేసే కారీగర్లు. స్టూడియో నడిపే మేడమ్‌తో కలిపి మొత్తం పన్నెండు మందిమి. నా స్టైపెండ్ నెలకు 6,000. అమీర్‌పేటలో హాస్టల్‌కే 6,500 అయ్యేది. మిగతాది నాన్న పంపేవారు. ఇంటి నుంచి డబ్బు వచ్చే వీలు లేకపోతే నేను చెప్పేదంతా పక్కన పెట్టి ముందు జీతం వచ్చే ఉద్యోగం చూసుకోండి.

మొదటి నెల డిజైన్ అన్న మాటే ఎవరూ ఎత్తలేదు. ఫాల్, పీకోకి చీరలు పంపడం, కొలతల పుస్తకం రాయడం, 'ఇంకొంచెం డార్క్ షేడ్ ఉందా' అని అడిగేవాళ్ళకి వాట్సాప్‌లో ఫోటోలు పెట్టడం, లైనింగ్ గుడ్డ నానబెట్టి డాబా మీద ఆరేయడం. కాటన్ లైనింగ్ నానబెట్టకుండా కుడితే మొదటి ఉతుకుకే లోపల కుంచించుకుపోయి, జాకెట్టు పైన ముడతలు లేస్తుందని నాకు అక్కడే తెలిసింది. కాలేజీలోనూ చెప్పే ఉంటారు, ఆ రోజు నేను క్లాసుకి వెళ్ళలేదేమో. వారానికి రెండుసార్లు పాతబస్తీ. రెడ్ లైన్ మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో మదీనా. బట్ట పత్తర్‌గట్టి వైపు, లేసులు, గోటా లాడ్ బజార్‌లో. షాపులో లైటు కింద చూసిన రంగును నమ్మకుండా గుడ్డ పట్టుకుని గుమ్మం బయటికి రావడం రెండో ట్రిప్పుకల్లా అలవాటైపోయింది.

ఇక అసలు సంగతి. శ్రావణం పెళ్ళిళ్ళ హడావిడిలో ఒక పెళ్ళికూతురి బ్లౌజు వచ్చింది. తెల్ల రా సిల్క్‌ని చీర అంచు రంగుకి, అంటే మెరూన్‌కి, డై చేయించారు. చేతుల మీద నెమళ్ళు, రెండూ ముందుకే చూడాలి. ట్రేసింగ్ నాకిచ్చారు. కారీగర్లు దాన్ని ఖాకా అంటారు. బటర్ పేపర్ మీద బొమ్మ గీసి, గీత వెంబడి సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడిని దూది ఉండతో రుద్దితే గుడ్డ మీద చుక్కలు దిగుతాయి. ఒక చెయ్యి అయ్యాక కాగితం బోర్లా తిప్పి రెండోది వేయాలి. నేను తిప్పలేదు. పక్కకి జరిపి అలాగే రుద్దేశాను. ఇద్దరు కారీగర్లు రెండు రోజులు జర్దోసీ, అంటే జరీ తీగల ఎంబ్రాయిడరీ, కుట్టారు. చంక వంపు కూడా నా చుక్కల్నిబట్టే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

మాస్టర్ గుడ్డ బల్ల మీద పరిచి, కత్తెర తీసి, మళ్ళీ పక్కన పెట్టారు. "రెండూ కుడి చేతులే. పెళ్ళికూతురికి ఎడమ చెయ్యి లేదా బేటా?" అన్నారు. గదిలో అందరూ నవ్వారు. నాకు కాళ్ళు వణికాయి. ముహూర్తం ఐదు రోజుల్లో ఉంది, గుడ్డ ఇక మిగల్లేదు.

మరో అర మీటరు తెల్ల రా సిల్క్ కొని డైయింగ్ చేసేవాళ్ళ దగ్గరికి పరిగెత్తాను. గంగాళంలోంచి తీసిన గుడ్డ చూస్తే దాదాపు నల్లగా ఉంది. టెన్షన్‌తో నోట మాట రాలేదు. రంగు వేసినాయన నవ్వి గుడ్డ ఒక మూలని ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి, నేను తెచ్చిన ముక్క పక్కన పెట్టారు. సరిపోయింది. తడి మీద రంగు ముదురుగానే కనిపిస్తుందట, ఆరితేనే అసలు రంగు. ఎడమ చెయ్యి కొత్తగా కుట్టి, ముందు రోజు రాత్రి డెలివరీ ఇచ్చాం.

ఆ నెల మేడమ్ నా స్టైపెండ్‌లో 2,000 కోశారు. ఇప్పుడు నా దగ్గరే ఇద్దరు పనిచేస్తున్నారు, అయినా ఆ కోత తప్పే అనుకుంటాను. నెలన్నర క్రితం చేరిన పిల్ల వేసిన ట్రేసింగ్‌ని ఒకసారైనా చూడకుండా మగ్గానికి ఎక్కించిన తప్పు స్టూడియోది.

మాస్టర్ మాత్రం మర్నాటి నుంచి సాయంత్రం ఓ గంట నన్ను బల్ల దగ్గర నిలబెట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ ఏడాది దసరా, దీపావళి రోజుల్లో శుక్ర మూఢం. ముహూర్తాలు లేవు, ఆయనకి తీరిక దొరికింది. నేను నేర్చుకున్నదంతా ఆ రెండు నెలల్లోనే. పుస్తకంలో కొలతలు ఎన్ని ఉన్నా ఆది జాకెట్టు తెప్పించుకోకుండా ఆయన కత్తెర పట్టేవారు కాదు. కొలతలిచ్చిన రోజుకీ పెళ్ళి రోజుకీ మధ్య అమ్మాయిలు చిక్కుతారు, ఒక్కోసారి ఒళ్ళు చేస్తారు, అందుకని పక్క కుట్ల దగ్గర ఒకటిన్నర అంగుళం మార్జిన్ వదిలేవారు. మగ్గం మీద లాగి బిగించిన గుడ్డ దించాక కుట్ల లాగుడుకి కాస్త కుంచించుకుంటుంది, కాబట్టి పాత గీత మీద కోయకుండా మళ్ళీ కొలవాలి. ఆయన ఇవేవీ పాఠంలా చెప్పలేదు. కోస్తూ, మధ్యలో టీ తాగుతూ, నన్ను తిడుతూ చెప్పారు.

డిసెంబరులో ముహూర్తాలు మొదలవగానే ఆయన వెళ్ళిపోయారు. రెండు నెలల జీతం బాకీ ఉందని తర్వాత తెలిసింది. వేరే స్టూడియో పిలిచింది, వెళ్ళారు. ఆయన స్థానంలో మూడు వారాల్లో ఇద్దరు మారారు, ఇద్దరూ నన్ను బల్ల దరిదాపులకి రానివ్వలేదు. మిగిలిన రోజులు ఇన్‌స్టాగ్రామ్ కోసం ఫోటోలు తీస్తూ గడిపాను.

అందుకే ఆ ప్రశ్న అడగమన్నది. మాస్టర్ ఐదారేళ్ళుగా ఉన్నారంటే జీతాలు టైముకి అందుతున్నట్టే, స్టైపెండ్ తక్కువైనా చేరిపోండి. రెండు మూడు నెలలకోసారి మారుతున్నారంటే మీకూ డబ్బులు టైముకి రావు, నేర్పేవాళ్ళూ ఉండరు. మేడమ్‌ని కాకుండా మిషన్ మీద కూర్చున్న టైలర్‌ని అడిగితే నిజం తెలుస్తుంది. వీలైతే ఆషాఢంలోనో మూఢంలోనో చేరండి. సీజన్ మధ్యలో చేరితే పార్సిళ్ళు మోయడమే మిగులుతుంది. మీరు చేసిన పనుల ఫోటోలు పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా అన్నది మొదటి రోజే మెసేజ్‌లో రాయించుకోండి. నేను చివరి రోజు అడిగాను, కుదరదన్నారు.

పెద్ద బ్రాండ్ సంగతంటారా, నా క్లాస్‌మేట్ ఒకామె అటే వెళ్ళింది. టెక్ ప్యాకులు (ఫ్యాక్టరీకి పంపే కొలతలు, వివరాల కాగితాలు), ఎక్సెల్ షీట్లు, నాలుగు నెలలు కుర్తా గుండీల ఫైలు. ఇప్పుడు ఆమె జీతం నా సంపాదన కంటే ఎక్కువే. ఆమెకి ఉద్యోగం కావాలి, దొరికింది. నాకు సొంతంగా కోయడం రావాలని ఉండేది. మీకు రెంటిలో ఏది కావాలో మీరు రాయలేదు, అది తేలితే సగం జవాబు దొరికినట్టే. మిగతా సగం ఆ టైలర్‌ని అడగండి, మధ్యాహ్నం భోజనాల వేళకి వెళితే తీరిగ్గా మాట్లాడతారు.