ఆ నాలుగు పాదాలూ కొట్టెయ్

అమ్మాయీ,

కవితలు అందాయి. పెళ్ళిచూపుల మీద రాసింది చదువుతూ పైకే నవ్వాను. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

"పాడమన్నారు, పాడాను.
కట్నం చెప్పారు, నాన్న గొంతు పోయింది."

ఇంత మాట రాసినదానివి, కింద "ఓ సమాజమా, ఇంకెన్నాళ్ళీ సంకెళ్ళు" అంటూ నాలుగు పాదాలు ఎందుకు తగిలించావు? నాన్న గొంతు పోయిందని చదివాక సమాజం సంగతి వేరే చెప్పాలా? జోకు వేసి, నవ్వొచ్చిందా లేదా అని మొహంలోకి చూసేవాళ్ళుంటారే, అలా ఉంది.

చమత్కారానికి పేరుపడ్డ అమెరికన్ రచయిత్రి డొరొతీ పార్కర్ అంటే ప్రాణమన్నావు కదా, ఆవిడ గులాబీ కవిత మళ్ళీ తియ్యి. 1926లో వచ్చిన 'ఎనఫ్ రోప్' కవితల పుస్తకంలో ఉంది. మొదటి రెండు చరణాలూ అచ్చం పాతకాలపు ప్రేమ కవిత్వమే. అతను ఒకే ఒక్క గులాబీ పంపాడు, దాని మీద మంచు తడి ఇంకా ఆరలేదు. ఎక్కడా కన్ను గీటదు. మూడో చరణంలో, అదే లయలో, అంతే మర్యాదగా అడుగుతుంది: నాకెవరూ ఓ లిమోజీన్ కారు పంపరేం? నా రాత, నాకెప్పుడూ గులాబీయే! అంతే, కవిత అయిపోయింది. ఎంతమంది పువ్వు చేతిలో పెట్టి వెళ్ళిపోయారో చెప్పదు. ఆ లెక్క మనకి వదిలేసింది.

దుఃఖాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలనుకున్నప్పుడు కథ రాసింది. 'బిగ్ బ్లాండ్'లో హేజెల్‌ని మగాళ్ళంతా సరదాగా ఉండమంటారు, మొహం ముడుచుకుంటే విసుక్కుంటారు. అక్కడ చమత్కారం దాదాపు నోరెత్తదు. 1929లో, అక్కడ కథలకిచ్చే ఓ. హెన్రీ బహుమతి దానికే వచ్చింది. నువ్వేమో రెండు పనులూ ఒకే కవిత నెత్తిన పెట్టావు.

పైగా ఆవిడ "నోటికొచ్చింది రాసిపారేసేది" అన్నావు. ఎవరు చెప్పారు? ఐదు మాటలు రాస్తే ఏడు మారుస్తానని ఆవిడే చెప్పుకుంది. ఒక్కో కథకి ఆరు నెలలు పట్టేదట. న్యూయార్క్‌లో రచయితలు భోజనానికి చేరే ఆల్గాంక్విన్ హోటల్ బల్ల దగ్గర ఆవిడ విసిరిన మాటలు ఊరంతా తిరిగాయి, ఈ దిద్దుబాటు మాత్రం ఎవరికీ పట్టలేదు.

నీతి తగిలించడం ఎక్కడ అంటుకుందో నాకు తెలుసులే. అది సంపాదకుల పుణ్యం. అప్పట్లో ఓ వారపత్రిక ఆయన నా హాస్యకథ చివర కోడలి చేత అత్తగారికి దణ్ణం పెట్టించి మరీ అచ్చేశాడు. నేను రాయని దణ్ణం! అడిగితే "ఆడవాళ్ళ పేజీ కదమ్మా, శుభంగా ముగియాలి" అన్నాడు. మగవాళ్ళ హాస్యానికి దీపావళి సంచికలో రంగుల బొమ్మ, నా కథకి వంకాయ బజ్జీ పక్కన జాగా. పార్కర్‌నీ 1920లో 'వానిటీ ఫెయిర్' పత్రిక నుంచి పంపించేశారు, ఆవిడ నాటక సమీక్షలు నిర్మాతలకి గుచ్చుకున్నాయని. అందుకు నిరసనగా అక్కడే పనిచేసే రాబర్ట్ బెంచ్లీ తన ఉద్యోగం వదులుకున్నాడు. నా శీర్షిక ఆపేసిన రోజు ప్రూఫులు దిద్దే కుర్రాడు కూడా అయ్యో అనలేదు. ఏటా వాడికి ఆవకాయ పంపేదాన్ని.

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు. ఇప్పుడొద్దు. ఆఫీసు లిఫ్టు మీద రాసింది బాగుంది, మూడో పాదం తూలుతోంది, బిగించు. ఈసారి ఫోన్లో ఫొటోలు తీసి పంపకు, అక్షరాలు ఆనడం లేదు.

ఆశీస్సులతో.