సమాధానం: ఆర్గాన్ షాక్ వెనుక ఉష్ణోగ్రత లెక్క ఎందుకు పొంగిపోతోంది

300 కెల్విన్ ఉష్ణోగ్రత, 5 టార్ పీడనం ఉన్న ఆర్గాన్‌లో మాక్ 15 షాక్‌కు (ధ్వని వేగానికి 15 రెట్లతో వెళ్లే ఆఘాత తరంగానికి) లెక్కలో 21,000 కెల్విన్ పైన వస్తోందని, స్పెక్ట్రం మాత్రం 12,500 దగ్గరే చూపిస్తోందని అడిగారు. మీ కొలతను నమ్మండి. తప్పు గామా (విశిష్టోష్ణాల నిష్పత్తి) 5/3 స్థిరమని పట్టుకోవడంలో ఉంది. ఒక్కో పరమాణువును అయనీకరించడానికి, అంటే దాని నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి, 15.76 ఎలక్ట్రాన్ వోల్టులు పోతాయి, ఆ ఖర్చు మీ ఎంథాల్పీలో (అంతర్గత శక్తి, పీడన శక్తి కలిపిన మొత్తంలో) లేదు.

ఎంథాల్పీని 2.5ఆర్‌టీ(1+ఆల్ఫా) + ఆల్ఫా×ఆర్×1,82,900 అని రాయండి. ఇక్కడ ఆల్ఫా అయనీకరించిన పరమాణువుల వాటా, టీ ఉష్ణోగ్రత, 1,82,900 అంటే ఆ 15.76 ఎలక్ట్రాన్ వోల్టులే కెల్విన్‌లలో. ఆర్ (ఆర్గాన్ వాయు స్థిరాంకం) విలువ కిలోకు, కెల్విన్‌కు 208 జౌళ్లు. సాంద్రత నిష్పత్తి (షాక్ వెనుక సాంద్రత, ముందున్నదానికి ఎన్ని రెట్లు) 6 అనుకుని మొదలుపెట్టి, ద్రవ్యవేగ, శక్తి సమీకరణాల నుంచి పీడనం, ఎంథాల్పీ తీయండి. సాహా సమీకరణంతో (ఉష్ణోగ్రత, పీడనాలను బట్టి ఎంత అయనీకరణ ఉంటుందో చెప్పేది) ఉష్ణోగ్రత, ఆల్ఫా సరిచూసి, కొత్త సాంద్రతతో మళ్లీ తిప్పండి. లెక్క ఊగిసలాడితే ప్రతిసారీ మార్పులో సగమే తీసుకోండి. ఆల్ఫా సుమారు 0.11, సాంద్రత నిష్పత్తి దాదాపు 7 దగ్గర నిలుస్తుంది. 4 దాటిందని కంగారుపడకండి, ఆ హద్దు అయనీకరణ లేని ఏకపరమాణుక వాయువుకే.

ఇదంతా సమతాస్థితికి. షాక్ ముఖానికి ఆనుకుని పరమాణువులు నిజంగానే 21,000 దగ్గర ఉంటాయి, ఎలక్ట్రాన్లు పేరుకునేదాకా చల్లబడవు. అందుకే కొలిచే చోటు ముఖ్యం. షాక్ గొట్టంలో (ప్రయోగం చేసే గొట్టంలో) మలినాలుంటే ఆ జాప్యం కుదించుకుపోతుంది.