పేజీ తిప్పగానే చదివింది గుర్తుండట్లేదా?

"పేజీ తిప్పేసరికి ఏం చదివానో గుర్తుండట్లేదు, నా మెమరీ పోయిందా?" అని అడిగారు. గ్రూప్-2కి చదివే రోజుల్లో నల్గొండలో లైబ్రరీలో కూర్చొని నేనూ ఇదే అనుకునేవాణ్ణి. అమ్మ రోజూ బాదం పప్పు నానబెట్టి ఇచ్చేది. తిన్నాను గానీ, పేజీలు జారిపోవడం ఆగలేదు.

పోయింది మెమరీ కాదు. ఇప్పుడే చదివిన మాటల్ని కాసేపు పట్టి ఉంచేదాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. 1974లో బ్యాడ్లీ, హిచ్ అనే బ్రిటిష్ సైకాలజిస్టులు దాని నిర్మాణాన్ని వివరించారు. చాలా ఇరుకైన చోటు అది. ఒకేసారి దాదాపు నాలుగు సంగతులకు మించి పట్టవని కోవన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 2001లో చెప్పాడు. అందులోకి ఏది రావాలో, ఏది ఉండాలో చూసుకునేది ధ్యాస. నాకు ఆ నాలుగిట్లో రెండు రూమ్ కిరాయి టెన్షన్‌కే పోయేవి. కళ్లు మాత్రం లైన్ల మీద బుద్ధిగా నడిచేవి.

మన తెలుగులో ఇంకో తిప్పలుంది, క్రియ చివర్లో వస్తుంది. "1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన, 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలిన నాగార్జునసాగర్..." అంటూ సాగే వాక్యంలో అసలు సంగతి ఆఖరి మాట దాకా తేలదు. అందాకా అన్నీ మోస్తూ ఉండాలి. మధ్యలో ఫోన్ మోగిందా, మళ్లీ మొదటికే.

విచిత్రం ఏంటంటే, ఆ సాగర్ వాక్యం నాకెప్పుడూ బరువనిపించలేదు. మాది మిర్యాలగూడ దిక్కు, ఎడమ కాలువ కింది ఊరు. డ్యామ్, కాలువ, వరి నాకు మూడు సంగతులు కాదు, ఒక్కటే. రాజ్యాంగ సవరణల దగ్గరే చచ్చేవాణ్ణి, అక్కడ ప్రతి మాటా కొత్తదే. అందుకే చాప్టర్ మొదలెట్టే ముందు అందులోని కొత్త మాటలు ఓ పది కాగితం మీద రాసుకొని, అర్థాలు చూసుకొని, అప్పుడు చదివేవాణ్ణి. ఫోన్ రూమ్‌లోనే వదిలేసి పోయేవాణ్ణి. ఈ రెండూ పనిచేశాయి. హైలైటర్‌తో పేజీ పచ్చబడింది, అంతే.

మీ వర్కింగ్ మెమరీని పరీక్షించుకోవాలంటే 1980లో డానెమన్, కార్పెంటర్ అనే సైకాలజిస్టులు చేసిన పద్ధతి ఉంది: వరుసగా కొన్ని వాక్యాలు పైకి చదివి, ఒక్కోదాని చివరి మాట గుర్తు తెచ్చుకోవాలి. మా తమ్ముడితో తెలుగులో చేయిస్తే "చేశారు, చేశారు, అయింది, చేశారు" అన్నాడు. మీరు మొదటి మాటతో చేయండి.